లడ్డూ క్రేట్‌ను ముందు యుటిలిటీలోంచి బయటికి తీయండి

ప్రశ్న: మాది మియాపూర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్, ఐదో అంతస్తు. ఆరు రోజుల క్రితం ల్యాబ్రడార్ (ల్యాబ్) కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఇప్పుడు తొమ్మిది వారాలు. పేరు లడ్డూ. పెద్దయ్యాక కూడా పనికొస్తుందని 42 అంగుళాల ఇనుప క్రేట్, అంటే కుక్క పడుకునే ఊచల బోను కొని, వంటింటి వెనక యుటిలిటీలో పెట్టాం. రాత్రి పదింటికి లోపల పెట్టి తలుపు వేస్తే రెండు గంటలు ఆపకుండా ఏడుస్తున్నాడు. మొన్న లోపలే మలవిసర్జన చేసి అందులోనే పొర్లాడు. పక్క ఫ్లాట్ వాళ్లు ఒకసారి బెల్లు కొట్టి చెప్పి వెళ్లారు. మా అత్తగారు "నోరులేని జీవాన్ని బోనులో పెట్టడం పాపం, తీసెయ్యండి" అంటున్నారు. మావారు "ఏడ్చి ఏడ్చి వాడే అలవాటు పడతాడు, నువ్వు లేవకు" అంటున్నారు. నేను వారానికి మూడు రోజులు ఇంటి నుంచి పని చేస్తాను, రెండు రోజులు ఆఫీసుకు వెళ్లాలి. నాకు నిద్ర లేదు, పైగా ఒకటే టెన్షన్. అసలు క్రేట్ మంచిదేనా? ఎలా అలవాటు చేయాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు. ఇవాళ రాత్రికి మాత్రం ఒక పని చేయండి. ఆ క్రేట్‌ను యుటిలిటీలోంచి తీసి మీ మంచం పక్కన పెట్టండి. పడుకున్న చోటి నుంచే చెయ్యి కిందికి జార్చితే ఊచలకు తగిలేంత దగ్గరలో పెట్టాలి. సగం ఏడుపు దాంతోనే తగ్గుతుంది.

ఎందుకంటే లడ్డూ మీ ఇంటికి వచ్చేదాకా ఒక్క రాత్రి కూడా ఒంటరిగా పడుకుని ఉండడు. తల్లి పొట్ట వెచ్చదనం, ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయే తోబుట్టువులు, చుట్టూ ఊపిరి చప్పుళ్లు. ఆ కుప్పలోంచి తీసుకొచ్చి వాషింగ్ మెషిన్ పక్కన ఇనుప ఊచల మధ్య పెట్టి లైటు ఆర్పేశారు. వాడు ఏడుస్తున్నది క్రేట్ నచ్చక కాదు. అక్కడ పట్టుపరుపు వేసినా అంతే ఏడుస్తాడు. ఈ వయసు పిల్ల గుంపులోంచి తప్పిపోతే అరిచి తల్లిని పిలుస్తుంది. ఇదీ ఆ పిలుపే. ఎనిమిది వారాలు నిండాకే తెచ్చుకున్నారు, అది మంచి పని. అంతకన్నా చిన్న పిల్లలను అమ్మకూడదని 2017లో కేంద్రం నిబంధనలు పెట్టినా, ఆరు వారాలకే చేతిలో పెట్టేసేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. అలా వచ్చిన పిల్లలతో ఇంకా కష్టం.

ఇక అత్తగారి మాట. ఆవిడ అన్నదాన్ని చాదస్తం కింద కొట్టిపారేయకండి. స్వీడన్, ఫిన్లాండ్ లాంటి దేశాల్లో ఇంట్లో కుక్కను రోజూ చిన్న బోనులో మూసి ఉంచడానికి చట్టమే ఒప్పుకోదు. ప్రయాణం లాంటి అవసరాలకే అక్కడ క్రేట్. కాబట్టి ఆవిడ అనుమానం న్యాయమైనదే. కాకపోతే ఆవిడకు ఒక విషయం గుర్తు చేయండి. మా ఊళ్లో మాకూ కుక్క ఉండేది, దానికి ఎవరూ క్రేట్ కొనలేదు. ఎండాకాలం మధ్యాహ్నం అది వసారాలో నవారు మంచం కింద, గోడ వైపుకి దూరి పడుకునేది. మంచం మీద తాతయ్య. దుప్పటి అంచులు కిందికి వేలాడుతూ మూడు వైపులా చాటు. నాలుగో వైపు నుంచి వచ్చేపోయేవాళ్ల కాళ్లు కనబడేవి. ఉరిమినా, దీపావళికి టపాసులు పేలినా పరుగెత్తుకుంటూ అక్కడికే పోయేది. అక్కడ ఉన్నప్పుడు దాన్ని లాగకూడదని మాకు గట్టి ఆజ్ఞ. అత్తగారికీ ఇలాంటి మంచం ఒకటి గుర్తుండే ఉంటుంది. క్రేట్ అంటే ఆ మంచం కింద చోటు. తేడా అల్లా తలుపు ఒక్కటే. ఆ తలుపుతో మీరు ఎలా నడుచుకుంటారన్న దాన్నిబట్టి అది మంచం కింద చోటు అవుతుందో, కోళ్ల గంప అవుతుందో తేలుతుంది.

మీవారు చెప్పిన పద్ధతి నేను స్వయంగా చేసి చెడగొట్టుకున్నదే. మా కుక్క జూలీ చిన్నప్పుడు దాన్ని హాల్లో క్రేట్‌లో పెట్టి, దిండు చెవులకు అదుముకుని పడుకున్నాను. మొదటి రాత్రి మూడు గంటలు ఏడ్చింది, రెండో రాత్రి గంటన్నర. మూడో రాత్రి చప్పుడు లేదు. గెలిచాననుకుని అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను. నాలుగో రోజు పొద్దున క్రేట్ తుడుద్దామని గడియ తీశాను. 'టక్' మని చప్పుడైంది. గదికి అవతల ఆడుకుంటున్న జూలీ నిలబడ్డ చోటే ఒకటి పోసేసి సోఫా కిందికి దూరింది. అది అలవాటు పడలేదు, ఎవరూ రారని తెలుసుకుని ఊరుకుందంతే. ఆ తర్వాత నాలుగు నెలలు బతిమాలినా లోపల కాలు పెట్టలేదు. చివరికి ఆ క్రేట్ పాత ఇనప సామాన్ల బండికి తూకానికి వెళ్లిపోయింది.

మీది ఆరు రోజుల వ్యవహారం. అంత దూరం రాలేదు. సరిదిద్దుకోవచ్చు.

42 అంగుళాల క్రేట్ పెరిగిన ల్యాబ్‌కి సరైన సైజు. తొమ్మిది వారాల పిల్లకు అది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. ఒక మూల పడక, ఇంకో మూల బాత్‌రూమ్. కుక్కపిల్లలు నడక వచ్చిన దగ్గర్నుంచీ, అంటే సుమారు మూడు వారాల వయసు నుంచీ, పడుకునే చోటు వదిలి పక్కకు వెళ్లి పాసు పోసుకోవడం మొదలుపెడతాయి. క్రేట్ పనిచేసేది ఆ బుద్ధి ఆధారంగానే. చోటు ఎక్కువైతే ఆ బుద్ధికి పనే ఉండదు. ఇలాంటి ఇనుప క్రేట్లకు సాధారణంగా లోపల అమర్చుకునే అడ్డు జాలీ ఒకటి వస్తుంది. అట్టపెట్టెలోనే ఉండిపోయిందేమో వెతకండి. వాడు తల తగలకుండా నిలబడి, చుట్టూ ఒకసారి తిరిగి, కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు వదిలి జాలీ బిగించండి. ల్యాబ్ పిల్లలు చూస్తుండగానే పెరుగుతాయి కాబట్టి రెండు వారాలకోసారి జాలీ వెనక్కి జరపాల్సి వస్తుంది. ఒకవేళ వాడిని తెచ్చిన చోట పిల్లలను ఇరుకు బోనులో వాటి మలంలోనే పడుకోబెట్టి ఉంటే ఈ బుద్ధి కాస్త మొద్దుబారి ఉంటుంది. అప్పుడు ఇంకొన్ని వారాలు పడుతుంది. తిట్టి లాభం లేదు.

మొన్న లోపల చేశాడన్నారు, అది వాడి తప్పు కాదు. ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే, పగలు అన్ని గంటలకు మించి ఆపుకోలేవని కుక్కలవాళ్లు వేసుకునే ఒక మోటు లెక్క. రెండు నెలల పిల్లకు మూడు గంటలు. అదీ గరిష్ఠం. మెలకువగా ఆడుతూ ఉంటే గంటకోసారి తీసుకెళ్లాల్సిందే. నిద్రలో కాస్త ఎక్కువ ఆగుతారు గానీ రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆగడం మాత్రం ఈ వయసు పిల్లకు చాలా కష్టం. వాడు తనకు తెలిసిన పద్ధతిలో అరిచి చెప్పాడు, ఎవరూ రాలేదు, ఆపుకోలేక పోయాడు.

క్రేట్ తీసేస్తే యుటిలిటీ ఖాళీ అవుతుంది కదా, దాన్నే వాడి బాత్‌రూమ్ చేయండి. ఒక ట్రేలో పేపర్లో, గడ్డి చాపో వేసి పెట్టండి. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వయసు దాకా, వీధికుక్కలు తిరిగే నేల మీద వాడిని దింపకపోవడమే మంచిది. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. అలాగని ఇంట్లోనే బంధించకండి. చంకనేసుకుని కిందికి తీసుకెళ్లి ఆటోలు, పిల్లలు, వాచ్‌మన్, ఇంట్లో ప్రెషర్ కుక్కర్ అన్నీ చూపించండి, వినిపించండి. ఈ నాలుగైదు వారాల్లో భయం లేకుండా చూసినదానికి వాడు పెద్దయ్యాక భయపడే అవకాశం చాలా తక్కువ. ఇంకో మాట, యుటిలిటీ తుడవడానికి ఫినాయిల్ వద్దు. వాడు ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతాడు. పెంపుడు జంతువుల మూత్రం వాసన విరిచే ఎంజైమ్ క్లీనర్లు దొరుకుతాయి. అవి లేకపోతే నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి తుడవండి.

రాత్రి సంగతి. పడుకునే ముందు పదిన్నరకు ఒకసారి యుటిలిటీకి తీసుకెళ్లండి. ఆ తర్వాత ఒంటిగంటకు అలారం, నాలుగింటికి ఇంకో అలారం. వాడు ఏడ్చి లేపేలోపే మీరే లేపాలి. పెద్ద లైటు వేయొద్దు, ముద్దుమాటలు వద్దు. ఎత్తుకెళ్లి ట్రే దగ్గర నిలబెట్టి, పని అవగానే "శభాష్" అని ఒక్క మాట, మళ్లీ లోపలికి. ఒంటిగంటకు ఆట మొదలైతే రేపటి నుంచి వాడే మీకు అలారం అవుతాడు. మధ్యలో కుయ్యిమంటే చెయ్యి కిందికి జార్చి వేళ్లు ఊచల్లోంచి లోపలికి పెట్టండి. వాసన చూసి, ఒకసారి నాకి, ఒక నిట్టూర్పు విడిచి మళ్లీ పడుకుంటాడు. నాలుగైదు రోజులకు ఒంటిగంటది ఒకటిన్నరకు, నాలుగుది నాలుగున్నరకు జరుపుకుంటూ పోండి. మూడున్నర, నాలుగు నెలలు వచ్చేసరికి చాలా పిల్లలు రాత్రంతా ఆగుతాయి.

పక్కలో ఎక్కించుకోవచ్చా అని అడగాలని ఉంటుంది మీకు. అది మీ ఇష్టం, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే 30 కిలోల ల్యాబ్ అయ్యాక దింపాలంటే వాడు ఒప్పుకోడు.

ఇప్పుడు అసలైన పని పగలు. తలుపు వేయడం నేర్పడం కాదు, ముందు తలుపనేది ఒకటుందని మర్చిపోయేలా చేయాలి. రెండు రోజుల పాటు పగలంతా క్రేట్ తలుపును తెరిచి తాడుతో ఊచకు కట్టేయండి. గాలికి మూసుకుని వీపుకు తగిలిందంటే మొదటికొస్తుంది. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్‌ను శనగగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. చికెన్ వండని ఇల్లయితే పనీర్. ఒక ముక్క గుమ్మం లోపల వేయండి. తీసుకుని బయటికొస్తాడు, రానివ్వండి. ఇంకోటి కాస్త లోపలికి. ఇప్పుడు వాడి వెనక కాళ్లు చూడండి. మొదట్లో వెనక కాళ్లు రెండూ బయటే నాటుకుని, నడుము సాగదీసి, మెడ చాపి ముక్క లాక్కుని చటుక్కున వెనక్కి వచ్చేస్తాడు. అంటే ఇంకా నమ్మకం కుదరలేదు. ఒక్కో పిల్ల ఒక పూటంతా ఇలాగే చేస్తుంది, ఒక్కోటి రెండు రోజులు. తొందరపడి వెనక నుంచి తోశారంటే అయిపోయింది. ఒకసారి నాలుగు కాళ్లూ లోపలికి వస్తాయి. ముక్క తిన్నాక వెంటనే బయటికి రాకుండా, ఇంకేమైనా ఉందా అన్నట్టు లోపలి నుంచే మీ మొహం చూస్తాడు. అప్పుడు రెండు మూడు ముక్కలు వరసగా లోపలే ఇవ్వండి. ఐదు నిమిషాల్లో ఆట ముగించేయండి. రోజుకు నాలుగైదు సార్లు చాలు. రోజువారీ తిండి గిన్నె కూడా క్రేట్‌లోపల చివరన పెట్టండి.

నాలుగు కాళ్లూ నిస్సంకోచంగా వస్తున్నాయనుకున్నాక, వాడు తింటుండగా తలుపు దగ్గరికి వేసి, గిన్నె ఖాళీ అయ్యేలోపే తీసేయండి. తర్వాత గడియ. జూలీ సంగతి చెప్పాను కదా, అందుకే దీన్ని వేరే పాఠంగా చేస్తాను. తలుపు తెరిచే ఉంచి, వాడు బయట ఉండగా గడియ టక్‌మనిపించి ఒక ముక్క ఇవ్వండి. మళ్లీ టక్, మళ్లీ ముక్క. ఇరవై సార్లు అయ్యేసరికి ఆ చప్పుడు వినగానే పరుగెత్తుకొస్తాడు. అప్పుడు లోపల పెట్టి గడియ వేసి, ఐదు లెక్కపెట్టి తీయండి. తర్వాత పది, తర్వాత మూడు, తర్వాత ఇరవై. ప్రతిసారీ పెంచుకుంటూ పోకండి, ఇక్కడ ఏదో మోసముందని కనిపెట్టేస్తారు వీళ్లు. తర్వాత లేచి వంటింటి దాకా వెళ్లి రండి. నిమిషం, ఐదు నిమిషాలు. మొత్తం వారం పట్టొచ్చు, మూడు వారాలు పట్టొచ్చు.

సమయం చూసుకుంటే సగం కష్టం తప్పుతుంది. ఈ వయసు పిల్లలు రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతాయి. గంట సేపు ఆడాక కాళ్లు కరుస్తూ, చీర కుచ్చెళ్లు పట్టుకుని లాగుతూ పిచ్చెక్కినట్టు చేస్తుంటే, అది అల్లరి కాదు, నిద్ర మించిపోయిందన్నమాట. పాసు పోయించి, చల్లటి చోట కూచోబెట్టి, కళ్లు మూతలు పడుతుండగా క్రేట్‌లోకి చేర్చండి. బొద్దుగా ఉన్న పిల్ల కదా, ఐదు నిమిషాల్లో వెల్లకిలా పడుకుంటాడు. కోపం వచ్చినప్పుడు మాత్రం శిక్షగా ఎప్పుడూ అందులో పెట్టకండి. చెప్పు కొరికితే చెప్పు దాచుకోండి.

ఏడుపులన్నీ ఒకటి కావు. పడుకోబోయే ముందు మూలుగుతూ, కాస్త ఆగి, మళ్లీ మూలిగే సణుగుడు ఒకటుంది. ఒకటి రెండు నిమిషాలు చూడండి, దానంతట అదే సర్దుకుంటుంది. గాఢనిద్రలోంచి లేచి ఉన్నట్టుండి అరిస్తే అది కడుపు పని, వెంటనే ఎత్తుకెళ్లండి. చొంగ కారుస్తూ, రొప్పుతూ, ఊచలు కొరుకుతూ, గోళ్లతో గీకుతుంటే అది భయం. ఒక్క క్షణం కూడా ఆగకుండా తలుపు తీయండి. "ఏడ్చినప్పుడు తీస్తే ఏడుపే నేర్చుకుంటాడు" అని మీవారికి ఎవరో చెప్పి ఉంటారు. నాలుగు నెలల పిల్ల కడుపు నిండి, పాసు పోసుకుని, పట్టపగలు ఆట కోసం గోల చేస్తుంటే ఆ మాటలో కొంత నిజముంది. తొమ్మిది వారాల పిల్ల భయానికి అది వర్తించదు. భయపడ్డాడంటే మీరు రెండు మెట్లు ఒకేసారి ఎక్కారు, ఒక మెట్టు దిగండి. నెల గడిచినా ఇలాగే చొంగ కార్చుకుని, ముక్కు చీరుకునేలా తోస్తూ, ఊచలు వంచుతూ ఉంటే క్రేట్ వాడికి సరిపడదన్నమాట. మానేసి పశువుల డాక్టరుతో మాట్లాడండి. లోపల పదేపదే పాసు పోస్తున్నా, విరేచనాలవుతున్నా కూడా ముందు డాక్టరే. అది నులిపురుగులో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో కావచ్చు, శిక్షణ లోపం కాకపోవచ్చు.

ఆఫీసు రోజుల గురించి మొహమాటం లేకుండా చెబుతాను. తొమ్మిది పది గంటలు క్రేట్‌లో పెట్టి వెళ్లడం కుదరదు. ఇప్పుడే కాదు, పెద్దయ్యాక కూడా. పగలు పెద్ద కుక్కకైనా వరసగా నాలుగైదు గంటలు మించితే ఎక్కువే. ఆ రెండు రోజులూ అత్తగారు ఇంట్లో ఉంటారు కదా, ఆవిడే మీకు ఆధారం. హాల్లో ఒక మూల చుట్టూ ఇనప కంచె పెట్టి, లోపల తలుపు తెరిచిన క్రేట్, నీళ్లు, ఒక మూల ట్రే ఉంచితే ఆవిడ వాడి వెంట పరుగులు పెట్టే పని ఉండదు. చికెన్ ముక్కలో, పనీర్ ముక్కలో ఆవిడ చేతికే ఇచ్చి ఆ గుమ్మం ఆట ఆవిడతోనే ఆడించండి. వాడు తన చేతి ముక్క కోసం తోక ఊపుకుంటూ లోపలికి వెళ్లడం చూశాక పాపం అనే మాట రాకపోవచ్చు. పేరు లడ్డూ కదా అని లడ్డూలోని కిస్‌మిస్ మాత్రం పెట్టనివ్వకండి. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఉల్లిపాయ, చాక్లెట్ కూడా వద్దు.

లోపల ఏం వేయాలంటే, మీరు కట్టి విడిచిన పాత కాటన్ చీర, ఉతక్కుండా. మీ వాసన ఉంటుంది. కొరికి పోగులు మింగుతుంటే తీసేయండి, ఉత్త ట్రే మీదైనా హాయిగా పడుకుంటాడు, ఎండాకాలం వాళ్లకు చల్లటి నేలే ఇష్టం. పైన దుప్పటి కప్పితే మూడు వైపులే కప్పండి, ఫ్యాను గాలి తగలాలి. లోపలికి వెళ్లేటప్పుడు మెడపట్టీ తీసేయడం మర్చిపోకండి, ఊచకు తగులుకుని మెడకు బిగుసుకున్న సందర్భాలున్నాయి.

పక్క ఫ్లాట్ వాళ్ల దగ్గరికి మీరే ముందు వెళ్లండి. చిన్న పిల్ల, ఇంకో పది రోజులు ఓర్చుకోండి, క్రేట్ లోపలి గదిలోకి మార్చాం అని చెప్తే చాలామంది మెత్తబడతారు. ఫ్లాట్లలో కుక్కలను పెంచకూడదని అసోసియేషన్లు నిషేధం పెట్టడానికి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం మీ దగ్గర ఉంచుకోండి, కానీ మొదటి రోజే తీసి చూపించకండి.

రెండు మూడు వారాల తర్వాత, రాత్రులు నెమ్మదించాక, క్రేట్‌ను మంచం పక్క నుంచి రోజుకో అడుగు చొప్పున మీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. యుటిలిటీకి మాత్రం కాదు.

అలారాలు మాత్రం పంచుకోండి. ఒంటిగంటది మీ ఫోన్‌లో పెట్టుకోండి. ఏడ్చి ఏడ్చి అలవాటు పడతాడన్నారు కదా, నాలుగింటిది మీవారి ఫోన్‌లో.